తిరుగునీళ్ళ తొట్టి

ఆ మూటను ఎవరూ దాచలేదు. ఫ్లారెన్స్‌ను మొదట తికమక పెట్టింది అదే.

కుప్పం చెత్త ప్లాంటు వెనకవైపు, సిమెంటు తొట్టి మీదికి వంగిన పైపు మూతి కింద, నైలాను తాడుకు అది వేలాడుతూ ఉంది. పాత చీరగుడ్డలో ఏదో పోసి మెడ దగ్గర బిగించి కట్టారు. పైపులోంచి నల్లటి నీళ్ళు దాని మీద పడుతున్నాయి. పడినచోటల్లా తొట్టిలో తెల్లటి చారలు సాగుతున్నాయి. ఆమె వంగి వేలితో తాకింది. వేలు చురుక్కుమంది. సున్నం.

తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు అది. గ్యాసు తీశాక మిగిలిన ముద్దను మరలో వేసి పిండుతారు. ఆ నీళ్ళను పారబొయ్యరు. తొట్టిలో నిలవ ఉంచి, మర్నాడు వచ్చే చెత్తను జావగా కలపడానికి మళ్ళీ వాడతారు. ప్లాంటులో వాటికి తిరుగునీళ్ళు అని పేరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్ళలోనూ ఈ పని ఒకే కంపెనీ కాంట్రాక్టుకు తీసుకుంది. మదనపల్లె చెత్తలో మార్కెట్టు నుంచి వచ్చే కుళ్ళు టమోటాలు ఎక్కువ, కాబట్టి అక్కడ నీళ్ళు మిగిలిపోతాయి. కుప్పంలో చాలవు. మిగిలినవాటిని ట్యాంకరు పుంగనూరు మీదుగా కుప్పానికి మోస్తుంది.

ఆ ట్యాంకరులోనే మదనపల్లె ప్లాంటు ఆపరేటరు కదిరప్ప ఒక సోమవారం సాయంత్రం బయలుదేరాడు. నడిపింది డ్రైవరు కుమార్. మర్నాడు పొద్దున ట్యాంకరు పుంగనూరు ప్లాంటులో నిలబడి ఉంది. ఇద్దరూ లేరు. శుక్రవారం అక్కడి తిరుగునీళ్ళ తొట్టిలో శవం తేలింది. ఆ నీళ్ళు ముఖాన్ని ముఖంగా ఉంచలేదు. ఒంటి మీద కంపెనీ చొక్కా, జేబు మీద కదిరప్ప అని కుట్టిన పేరు ఉన్నాయి. ప్రమాదమని రాసుకున్నారు. శవం నుంచి తీసి ల్యాబుకు పంపినదాని రిపోర్టు ఇంకా రాలేదు. ఆలోపే పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. శవం దొరికిన రోజు నుంచి లెక్కేస్తే రేపు పదకొండో దినం. రేపు తెల్లవారాక కురబలకోటలో కదిరప్ప భార్య అంకమ్మ గాజులు పగలగొడతారు.

అంకమ్మ మాత్రం ఒకే మాట పట్టుకుంది. చొక్కాను పూడ్చినారు గానీ మనిషిని కాదని, మనిషిని వెతికిపెట్టమని, మదనపల్లెలో తప్పిపోయినవాళ్ళను వెతికే పని చేసుకుంటున్న ఫ్లారెన్స్ ఇంటి మెట్ల మీద కూర్చుంది. హెడ్ కానిస్టేబులుగా ఉండగా ఫ్లారెన్స్ ఇలాంటి భార్యలను ఎంతోమందిని చూసింది. అందరూ అదే మాట అంటారు. అందుకే నమ్మలేదు. అయినా లేచి వెళ్ళిపొమ్మని అనలేకపోయింది. తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోయే మనిషి వీపును చూడటం ఆమెకు ఇప్పటికీ చేతకాదు.

ఇప్పుడు ఈ మూట.

ఇలాంటి మూటను ఆమె మూడు రోజుల కిందట మదనపల్లె ప్లాంటులో చూసింది. కుళ్ళిన టమోటాల పులుపుకు గ్యాసు చచ్చిపోతుంది కాబట్టి అక్కడ నీళ్ళలో సున్నం కలుపుతారు. మిగతావాళ్ళు పారతో విసిరేస్తారట. కదిరప్ప ఒక్కడే మూట కట్టి పైపు కింద వేలాడదీసేవాడట, కొంచెం కొంచెంగా కరగాలని. రెండు మూడు రోజులకొకసారి మార్చాలని కూడా అక్కడివాళ్ళు చెప్పారు. అక్కడి మూట మార్చేవాడు లేక వట్టి గుడ్డగా వేలాడుతోంది. ఇక్కడి మూట ఇంకా గట్టిగా ఉంది.

సోమవారం చచ్చిపోయాడంటున్న మనిషి, మొన్నో నిన్నో కుప్పంలో సున్నం మూట కట్టాడా?

కుప్పం ఆపరేటరు మల్లప్ప ఆమె వెనకే నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి. ఆమె అడిగిన ప్రతిదానికీ ముందు తువ్వాలుతో మెడ తుడుచుకుని తర్వాత జవాబు చెబుతున్నాడు. ఇక్కడికి టమోటాలు వస్తాయా అని అడిగింది. రావన్నాడు. పేడ, హోటళ్ళ అన్నం, పూలు, అంతే. మరి సున్నం ఎందుకు? తెలియదన్నాడు. సున్నం వల్ల లాభమేమైనా ఉందా? లేదన్నాడు. పైగా పైపుల్లో తెల్లగా గార కట్టి మోటారు మొరాయిస్తోందని, రెండుసార్లు విప్పి గీకాల్సి వచ్చిందని తనకు తానే చెప్పాడు. చెప్పాక చెప్పినందుకు బాధపడినట్టు మెడ తుడుచుకున్నాడు.

“పైపులు చెడిపోతా ఉంటే మూట యాల తీసెయ్యలేదు మల్లప్పా?”

“తీసేస్తే ఆయప్ప మనసు కష్టపెట్టుకుంటాడని…”

అక్కడితో ఆగిపోయాడు. ఫ్లారెన్స్ అతని వైపు తిరిగింది.

“ఏ అప్ప?”

మల్లప్ప తొట్టిలోకి చూశాడు. ఆమె గొంతు తగ్గించి, తాను కంపెనీ మనిషిని కాదని, అంకమ్మ పంపితే వచ్చానని చెప్పింది. ఆ పేరు వినగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది భయమో ఉపశమనమో ఆమెకు తెలియలేదు. మనిషి ఎక్కడున్నాడో ఒక్క ముక్క చెప్పలేదు గానీ ట్యాంకరు గురించి చెప్పాడు. ఇక్కడ నీళ్ళు దించాక ట్యాంకరు పలమనేరు దారి పట్టదట. రాష్ట్రం సరిహద్దు వైపు పోయి, ఎక్కడో నింపుకుని, పుంగనూరులో దించి, అప్పుడు మదనపల్లె చేరుతుందట. నింపుకునేది ఏమిటో తాను చూడలేదు. ఒకసారి ట్యాంకరు కుళాయి కారి తన చెప్పు మీద పడితే చెప్పు బొబ్బలెక్కింది. అది మాత్రం చూశాడు.

“ఏదో ఫ్యాక్టరీ యాసిడ్ మా. దాన్ని పోసేదానికి వాళ్ళకు తావు కావాల. మన తొట్టి దొరికింది. ఒకసారి పోసినారంటే అది యాడికీ పోదు. ఆ నీళ్ళనే గదా మళ్ళా మళ్ళా వాడేది. మిగిలినవి రైతులకు ఎరువు నీళ్ళని ఇస్తాండారు. కదిరప్పకు ముందు తెలీలేదు. పుంగనూరు నీళ్ళు పులుస్తాండాయంటే టమోటా పులుపే అనుకుని సున్నం మీద సున్నం కట్టినాడు. టమోటా రేటు ఎక్కి, కుళ్ళు కాయ ఒక్కటి గూడా రాని వారంలో గూడా పులుపు తగ్గల్యా. అప్పుడు కనిపెట్టినాడు.”

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. మల్లప్ప ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఫ్లారెన్స్ రెండడుగులు వేసి పైపుకూ దారికీ మధ్య నిలబడింది.

వచ్చినవాడు జయచంద్ర, కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. అతను ఎస్సైగా ఉండి ఉద్యోగం మానేసి ఇందులో చేరాడు. అప్పట్లో ఏ కేసయినా ఆమె ఊరూరా తిరిగి వచ్చేలోపు అతను ఎవరో ఒకరిని పట్టుకుని ఒప్పించి కూర్చునేవాడు. ఒకటి రెండుసార్లు అతను పట్టుకున్నవాడే నిజంగా దొంగ కూడా. అందుకే అతన్ని తేలిగ్గా తీసుకోవడం ఆమెకు ఎప్పుడూ కుదరలేదు.

“తప్పిపోయిన గొర్రెల్ని ఇంకా వెతుకుతానే ఉండావా ఫ్లారెన్సమ్మా?”

“గొర్రెలు దొరుకుతాయి సార్. కాపలా ఉండాల్సినోళ్ళే అప్పుడు యాడుండారో తెలీదు.”

అతను నవ్వాడు. తొట్టి వైపు చూశాడు, మూటను చూశాడు, అదేమిటని మల్లప్పను అడిగాడు. వాసనకు కట్టానని మల్లప్ప అన్నాడు. జయచంద్ర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఏం వాసన తగ్గిందని విసుక్కుని ముఖం తిప్పుకున్నాడు. ఈ నీళ్ళ మీదే నడిచే కంపెనీ జీతం తీసుకుంటున్నాడు గానీ అతను ఏ రోజూ ఆ నీళ్ళ దగ్గరికి వచ్చి నిలబడినవాడు కాడు. ఫ్లారెన్స్ ఊపిరి వదిలింది.

తర్వాత అతను తన లెక్క చెప్పాడు. పుంగనూరులో ఇద్దరికీ మాటామాటా పెరిగింది, డ్రైవరు తోశాడు, పారిపోయాడు. డ్రైవరు దొరికితే కేసు అయిపోతుంది. కంపెనీ ఆ ఇల్లాలికి ఇవ్వాల్సింది ఇస్తుంది. మాటల మధ్యలో, కుమార్ ఇటు వచ్చాడా, కుమార్ ఎవరికైనా ఫోను చేశాడా, కుమార్ తల్లికేమైనా తెలుసా, ఇలా తిప్పి తిప్పి అడిగాడు. చచ్చినవాడి గురించి ఒక్క ప్రశ్న లేదు. ఫ్లారెన్స్‌కు అది వింతగా తోచింది. అతను అబద్ధం చెబుతున్నట్టు లేదు. కుమార్ కోసం నిజంగానే వెతుకుతున్నాడు. కానీ ఎందుకు? చంపినవాడనా, చూసినవాడనా?

“ఒక్క సంగతి చెప్పు సార్. కుప్పంలో నీళ్ళు దించినాక ట్యాంకరు వట్టిగా పోవాల గదా. వట్టి ట్యాంకరుకు పుంగనూరులో ఏం పని?”

రుమాలు అతని ముక్కు మీది నుంచి కిందికి దిగింది.

“నీకు ఎవురు చెప్పినారు?”

“రోడ్డు మీద అందరూ చూస్తారు. ట్యాంకరేమన్నా చీమనా?”

జయచంద్ర ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. “ఫ్లారెన్సమ్మా, నువ్వు ఎతికి ఎతికి కదిరప్ప బతికే ఉండాడని తేల్చినావనుకో. అప్పుడు తొట్టిలో ఎవురు? వాని ఒంటి మీద కదిరప్ప చొక్కా యాల ఉండాది? చచ్చినోణ్ణి తెచ్చి ఖూనీకోరును చేసి ఇస్తావు ఆ అంకమ్మకు. ఏది మేలో ఆయమ్మనే అడుగు.”

జీపు వెళ్ళిపోయాక కూడా ఆ మాట ఆమె చెవిలో నిలిచిపోయింది. అతను ఊరికే అన్నాడా, తెలిసి అన్నాడా? ఆమె తిరిగి చూసేసరికి మల్లప్ప లేడు. మర గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. తట్టింది, పలకలేదు. తొట్టి చుట్టూ మరోసారి తిరిగింది. గోడ అవతల మల్బరీ తోట, దాని మధ్య మనిషి దాక్కోగలిగే రేకుల షెడ్డు. అక్కడికి పోవాలా? పోతే తన వెనక ఇంకెవరైనా చూస్తుంటే? గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడి చెయ్యి తీసేసింది.

బస్టాండులో ఉండగా అంకమ్మ ఫోను చేసింది. ఇన్ని రోజులూ పూటకోసారి ఏమైందని అడిగిన మనిషి, ఈసారి ఏమీ అడగలేదు.

“చాలమ్మా. ఎతకొద్దు. వచ్చెయ్.”

ఎందుకని అడిగేలోపు పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బస్సు పలమనేరు దాటింది, పుంగనూరు దాటింది. ఫ్లారెన్స్ ఎన్ని రకాలుగా కలిపినా లెక్క కుదరలేదు. కదిరప్ప బతికి ఉంటే సంతోషించాలి. కానీ ఇంకో మనిషి నేలలో ఉన్నాడు. కదిరప్ప చంపాడా? చంపినవాడు పారిపోయి, దాక్కున్నచోట కూడా అవసరం లేని సున్నం మూట కడతాడా? కడతాడేమో. చేతులు తమ అలవాటు మానవు. అంకమ్మ ఎందుకు వద్దంది? ఆశ పోయా, భయపడా, ఎవరైనా బెదిరించా? ఒక్కటి మాత్రం ఆమె నిశ్చయించుకుంది. మొగుడు బతికి ఉండగా ఆ పిల్ల చేతి గాజులు పగలనివ్వకూడదు. అది జరిగాక ఎవరు తిరిగి వచ్చినా, ఆ పొద్దు తిరిగి రాదు.

తెల్లవారి కురబలకోటలో ఆమె చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఫోటోకు దండ వేశారు. కంపెనీ తరఫున ఇంకో పెద్ద దండ పట్టుకుని ముందు వరస కుర్చీలో జయచంద్ర కూర్చున్నాడు. ఆమెను చూసి తల ఊపాడు. లోపల అంకమ్మకు పసుపు పూసి, పూలు పెట్టి, రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు తొడిగారు. ఆఖరుసారి అలా తొడగడం వాళ్ళ ఆనవాయితీ. ఫ్లారెన్స్ వాళ్ళలో ఇది లేదు. ఆమె చూపు తిప్పుకుంది.

ముఖం కడుక్కోవాలని చెప్పి అంకమ్మే లేచి పెరట్లోకి వచ్చింది. నీళ్ళ తొట్టి వెనక ఇద్దరే ఉన్నారు.

ఫ్లారెన్స్ ఒక్క గుక్కలో చెప్పేసింది. కదిరప్ప బతికి ఉన్నాడని తనకు తెలుసని, ఇప్పుడే బయటికి పోయి ఈ పని ఆపిస్తానని, తర్వాత ఏమి వచ్చినా చూసుకుందామని. అంకమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆమె ఉలిక్కిపడి చేతిని ఒంటికి అదుముకుంది.

“నాకూ తెలుసమ్మా. నిన్న ఎవురి ఫోన్లోనో మాట్లాడినాడు. గాజులు తీయించుకో, బాగా ఏడువు అని ఆయప్పే చెప్పినాడు.”

ఫ్లారెన్స్‌కు ఒక్క క్షణం భాష అర్థం కానట్టయింది.

“గురువారం తిరుపతి నుంచి పొల్యూషన్ ఆఫీసర్లు వచ్చి పుంగనూరు తొట్టిలో నీళ్ళు పరీక్షకు పట్టుకుని పోతారంట. అంతవరకూ నేను చచ్చినోణ్ణే అన్నాడు. బతికుండానని తెలిస్తే ఒక్క పూట గూడా ఉండనియ్యరంట.”

“మరి తొట్టిలో ఎవరు అంకమ్మా?”

అంకమ్మ ఇంటి వైపు ఒకసారి చూసింది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ రాత్రి పుంగనూరులో నీళ్ళ గొట్టం ఊడి కుమార్ బట్టలన్నీ తడిసిపోయాయి. కదిరప్ప తన సంచిలోంచి రెండో చొక్కా తీసి ఇచ్చాడు. అది తొడుక్కుని కుమార్ కుళాయి కట్టడానికి తొట్టి మీదికి పోయాడు. కదిరప్ప ట్యాంకరు క్యాబిన్లోనే ఉన్నాడు.

“ఎనక నించి ఎవురో కదిరప్పా అని పిలిచినారంట. చీకట్లో, నీ పేరు అది కాదురా అని ఎవురు చెప్పేది? మనల్నే గదా అని వాడు ఊ అని తిరిగినాడంట. ఈయప్ప దిగేలోపల అంతా అయిపోయింది. గోడ దూకి పరిగెత్తినాడు. అది చెప్పి చెప్పి ఏడిసినాడమ్మా. నా పేరు పెట్టి పిలిస్తే వాడు పలికినాడు అంటాడు.”

ఫ్లారెన్స్ తొట్టి అంచు పట్టుకుంది. జయచంద్ర కుమార్ కోసం ఎందుకు అంతగా వెతుకుతున్నాడో ఇప్పుడు అర్థమైంది. ఎవరిని చంపారో చంపినవాళ్ళకే తెలియదు. చూసినవాడు కుమార్ అనుకుంటున్నారు. కానీ ఇంకో సంగతి ఇంకా అర్థం కాలేదు. అంకమ్మ ఎందుకు ఇంతగా వణుకుతోంది? మొగుడు బతికే ఉన్నాడు. నాలుగు రోజులు ఓర్చుకుంటే గాజులు మళ్ళీ వేసుకోవచ్చు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. పొద్దెక్కుతోందట.

నడింట్లో పీట వేశారు. గాజులు పగలగొట్టేది మొగుడు పోయిన ఆడమనిషే. పక్కనున్న అంగళ్ళు ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె పీటకు ఎదురుగా కూర్చుని, చేతిలో చిన్న రోకలి పట్టుకుని ఉంది. చెయ్యి తేలికని చుట్టుపక్కల ఆమెనే పిలుస్తారట. పక్కనున్నవాళ్ళు ఫ్లారెన్స్‌కు చెప్పారు. రమణమ్మ. కదిరప్పతో ట్యాంకరు మీద తిరిగే డ్రైవరు కుమార్ తల్లి.

అంకమ్మ ఆమె ముఖంలోకి చూడటం లేదు. రెండు చేతులూ చాపి కళ్ళు మూసుకుంది.

“గట్టిగా బిగబట్టొద్దు మే, గుచ్చుకుంటాది,” అంది రమణమ్మ. “నొప్పి లేకుండా తీస్తాను. మావోడుంటే ఎంత ఏడిసేవాడో. అన్నా అన్నా అని వాని ఎనకే తిరిగేవాడు.” అంటూ తల ఎత్తి ఫ్లారెన్స్‌ను చూసింది. “నువ్వు కుప్పం పోయొచ్చినావంట గదమ్మా. మా కుమారు ఆ రోడ్డు మీదే గదా ఉండేది. ఫోను ఎత్తల్యా, ఇంటికి రాల్యా. ఈళ్ళేమో ఏందేందో అంటాండారు. యాడన్నా కనపడినాడా?”

గుమ్మం అవతల కుర్చీలో జయచంద్ర తల ఇటు తిరిగింది.

కనపడలేదు అనాలి. అది నిజమే. కానీ ఆ ముసలామె రోకలి చేతిలో పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, జవాబు కోసం వంగి ఉంది. ఎన్నో గుమ్మాల ముందు నిలబడి ఎన్నోసార్లు చెప్పిన ఆ ఒక్క మాట ఫ్లారెన్స్ ఈసారి అనలేకపోయింది. ఆమె ఆలోచించనే లేదు.

“కనపడినాడమ్మా. కుప్పంలోనే ఉండాడు. బాగుండాడు.”

రమణమ్మ ముఖం విప్పారింది. “సూసినావా, నేను సెప్తానే ఉండాను,” అని చుట్టూ ఉన్నవాళ్ళతో అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అంకమ్మ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నిజంగానే నొప్పి తెలియకుండా, మొదటి గాజు మీద కొట్టింది.

అంకమ్మ పెట్టిన కేక వీధి చివరి దాకా వినిపించింది. రమణమ్మ కాళ్ళ మీద తల పెట్టి లేవకుండా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు మొగుడి కోసమనుకుని వాళ్ళూ ఏడ్చారు. రమణమ్మ ఆమె వీపు నిమురుతూనే ఉంది.

ఫ్లారెన్స్ బయటికి వచ్చేసరికి ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. దండ కుర్చీలోనే ఉంది. జయచంద్ర జీపు పక్కన నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు.

“డ్రైవరు కుప్పంలోనే ఉండాడు. అవును, చూసినోళ్ళే చెప్పినారు. ప్లాంటు చుట్టూ చూడండి, తోటలు, షెడ్లు, ఏదీ ఇడవొద్దు. నేను వస్తాండా.”

ఫోను జేబులో పెట్టుకుని జీపెక్కాడు. ఆమె అక్కడే నిలబడిపోవడం చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారిగా, ఆమెకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.